బఠాణీలు ఒలుస్తూ విన్న హత్య

శుభవార్త వచ్చినప్పుడు మా అత్తగారు వంటింట్లో స్టూలెక్కి, పై అరలో పంచదార డబ్బా కోసం వెతుకుతున్నారు. స్టూలు కదలకుండా నేను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. హాల్లో ఫోను మోగింది. మామగారు తీసి "ఆఁ" అన్నారు. మళ్ళీ "ఆఁ" అన్నారు. మూడో "ఆఁ"కి ఆయన గొంతు పలచబడిపోయింది.

"ఏమోయ్, నీకే. సినిమావాళ్ళు," అంటూ ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"లేనని చెప్పండి."

"నీ 'రెండంతస్తుల మధ్య' నవలని సినిమాగా తీస్తారట."

"తియ్యమనండి. నేనేమైనా అడ్డమా?"

"కథ, స్క్రీన్‌ప్లే నీదేనట. పక్కన ఇంకెవరూ ఉండరట. తెర మీద నీ పేరు ఒక్కటే, విడిగా వేస్తారట."

అత్తగారు స్టూలు దిగలేదు. చెయ్యి మాత్రం కిందికి చాపారు. ఫోను చెవిన పెట్టుకుని పైకప్పుకేసి చూస్తూ విన్నారు. ఆవిడ పాదాలు సరిగ్గా నా ముఖానికి ఎదురుగా ఉన్నాయి. పైన గొంతులో ఏ తేడా లేదు గానీ, కింద ఎడమ కాలి వేళ్ళు చిన్నపిల్ల వేళ్ళలా ముడుచుకుని, విచ్చుకుని, మళ్ళీ ముడుచుకున్నాయి. అది చూసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ రోజంతా ఆ సంగతి నా దగ్గరే దాచుకుని సంబరపడ్డాను.

"సరే, శుక్రవారం వస్తాను," అని ఫోను ఆయనకిచ్చి, డబ్బా నాకిచ్చి, నెమ్మదిగా దిగారు.

"ఏమన్నారు?" ఇద్దరం ఒకేసారి అడిగాం.

"తీస్తారట, పేరు వేస్తారట. ఒకటే మెలిక. హంతకుణ్ణి మార్చాలి. ఆ డాక్టరే చంపాడని ఊరందరికీ తెలుసుగా. టికెట్లమ్మేవాడు కూడా చెప్పేస్తాడు. కొత్త హంతకుడు కావాలి, వాడెవడో సినిమావాళ్ళు కూడా కనిపెట్టకూడదు. శుక్రవారం వెళ్ళి చెప్పాలి."

"కుదరకపోతే?" అన్నాను.

"వాళ్ళ దగ్గర ఐదుగురు కుర్రాళ్ళున్నారట, వాళ్ళు రాసేస్తారు. నా పేరు మళ్ళీ గుంపులో గోవిందా."

ఇలా అని ఆవిడ నాకేసి చూశారు. ఎప్పుడూ చూసే చూపు కాదు. బజారులో గుమ్మడికాయని తట్టి చూస్తారే, అలాంటి చూపు. తర్వాత గోడకున్న సంచీ తీసి మామగారి చేతికిచ్చారు.

"బఠాణీలు తీసుకురండి."

"బఠాణీలా?" మామగారు ఆవిడకేసి చూసి, నాకేసి చూసి, ఆగిపోయారు. "ఎన్ని?"

"ఎన్ని దొరికితే అన్ని."

ఆయన ఎందుకో అంత పెద్ద మనిషీ కుడి చెప్పులో ఎడమ కాలు పెట్టుకుని రెండడుగులు వేసి, మళ్ళీ వచ్చి మార్చుకుని వెళ్ళారు.

మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ హత్యలు రాస్తారు. పెళ్ళికి ముందు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసేవారట. చెవికి యంత్రం తగిలించుకుని, ఆ ఊరి తీగ ఈ ఊరి రంధ్రంలో గుచ్చుతూ, మనుషులు 'హలో' అనే తీరు బట్టి వాళ్ళు నిజం చెప్పబోతున్నారో అబద్ధం చెప్పబోతున్నారో పసిగట్టేవారట. అక్కడే మొదటి సీరియల్ మొదలుపెట్టి వారపత్రిక ఆఫీసుకి పట్టుకెళితే, సంపాదకుడు చదివి, "కథ బ్రహ్మాండం. కానీ ఆడవాళ్ళు ఇంత నున్నగా చంపుతారంటే ఎవరూ నమ్మరు. మగపేరు పెట్టుకోండి," అన్నాడట. "అయితే మా ఇంట్లో ఒకరోజు భోజనం చెయ్యండి, నమ్ముతారు," అన్నారట ఈవిడ. అతను సొంత పేరుతోనే వేశాడు. ఆ పత్రికలో ప్రూఫులు దిద్దే కుర్రవాడు మూడో వారం నుంచి అచ్చుతప్పులు వెతకడం మానేసి హంతకుణ్ణి వెతకడం మొదలుపెట్టాడు. ఆయనే మా మామగారు.

అప్పటినుంచి పాఠకులకు ఆవిడ 'హత్యలక్కయ్య'. కూరగాయల బండివాడు ఇప్పటికీ, "అమ్మా, ఈ వారం ఎవరు పోయారు?" అంటాడు. మా అమ్మైతే సంబంధం కుదిరిన రోజున నన్ను పక్కకి లాగి, "హత్యలావిడ ఇంటికా! కాఫీ ఇస్తే ముందు మీ ఆయన్ని తాగమని, ఏమీ కాకపోతే నువ్వు తాగు," అంది. ఆవిడ పుస్తకాలు మా ఇంట్లోకి రానిచ్చేది కాదు. నేను చదివిందేమో వృక్షశాస్త్రం. మొక్కలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి గానీ దాచిపెట్టవు. కాబట్టి ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికి నేను ఒక్క అపరాధ పరిశోధన నవల కూడా చదవలేదు.

వచ్చిన కొత్తలో మా ఆయన (ఈ మాట రాసినప్పుడల్లా నాకింకా నవ్వొస్తుంది) నాకు ఇల్లంతా తిప్పి చూపించాడు. అందరూ ఇది దేవుడి గది, ఇది చదువుకునే గది అని చూపిస్తారు. మా ఇంట్లో అలా కాదు. "ఈ బీరువాలో బ్యాంకు మేనేజరు దొరికాడు. ఈ మెట్ల కింద కవలల్లో చిన్నవాడు. ఈ కిటికీలోంచి గవర్నరు భార్య దూకింది, దూకిందో తోశారో తొమ్మిది వారాలు తేలలేదు."

"మరి బాత్‌రూమ్‌లో?"

"అక్కడ ఎవర్నీ చంపదు మా అమ్మ. మనం స్నానం చెయ్యాలిగా."

ఏది రాసినా ముందు ఇంట్లో చేసి చూడడం ఆవిడ పద్ధతి. ఒకసారి మామగారిని బట్టలారేసే తాడుతో కుర్చీకి కట్టేసి, విడిపించుకోవడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామనుకున్నారట. ఇంతలో పత్రిక నుంచి ఫోనొస్తే మాటల్లో పడి ఆయన్ని మరిచిపోయారు. నిచ్చెన అడగడానికి వచ్చిన పక్కింటాయన గుమ్మంలో కొయ్యబారిపోతే, "కంగారుపడకండి, మూడో అధ్యాయం," అన్నారట మామగారు.

ఇవన్నీ విని నవ్వుకున్నాను గానీ, ఒకరోజు అలమారలో ఆ పుస్తకాల వరస చూసినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఈ చివర గోడ నుంచి ఆ చివర కిటికీ దాకా ఒకే మనిషి. ఉప్పు సరిపోయిందా అని రోజూ మెల్లగా అడిగే ఈ మనిషే, ఒకప్పుడు ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు తలుపు గడియ రెండోసారి లేచి చూసుకునేలా చేసింది. అలమారకు దగ్గరగా నిలబడాలంటే కూడా కాస్త వెనక్కి తగ్గాలనిపించింది, కొండ పక్కన నిలబడ్డట్టు.

సినిమాలకూ రాశారు. హోటలు గదిలో పదిమంది చుట్టూ కూర్చుని టీలు తాగుతుంటే ఈవిడ కథ చెప్పడం, వాళ్ళు 'అబ్బ' అనడం, చివరికి తెర మీద 'కథా సహకారం' అని ఒక మూకలో ఈవిడ పేరు కూడా వెయ్యడం. ఆ మూక తెర మీదికి వచ్చే సమయానికే ఆలస్యంగా వచ్చినవాళ్ళు సీట్లు వెతుక్కుంటూ అడ్డంగా నిలబడేవారట. ప్రతి సినిమాకీ ఇదే. ఒకసారి మామగారు పట్టలేక, "బాబూ, కాస్త పక్కకి జరగండి, మా ఆవిడ మీద నిలబడ్డారు," అన్నారట. హాలంతా ఈయనకేసే చూసిందట. ఈలోగా పేరు పోయింది.

అలాంటి మనిషి పదేళ్ళుగా ఒక్క నవల రాయలేదు. ఎవరి సినిమాలకో కుంటిమాటలు సరిచేసిపెట్టడం తప్ప సొంతంగా ఏమీ లేదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"వినేవాళ్ళు లేరమ్మాయ్," అన్నారు.

పక్కనే ఉన్న మామగారు గబుక్కున లేచి, ఆరని బట్టలు తెస్తానని డాబా మీదికి వెళ్ళిపోయారు.

ఫోనొచ్చిన రోజు సాయంత్రం బఠాణీలు బల్ల మీద గుట్టగా పోసుకుని, అత్తగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. నా ముందు కాఫీ గ్లాసు పెట్టారు.

"ఇది మా ఇంటి పద్ధతి. నేను కథ చెబుతాను, నువ్వు ఒలుస్తూ విను. ఏది కావాలంటే అది అడుగు. హంతకుడెవడో తెలిసిపోయిందనిపించిన క్షణం గ్లాసు బోర్లించి పేరు చెప్పు. నువ్వు చెప్పింది నిజమైతే ఆ కథ చచ్చిపోయినట్టే. ఆఖరిదాకా గ్లాసు నిలబడే ఉంటే కథ బతికినట్టు."

"మామయ్య?"

"మీ మామయ్య వద్దు," అన్నారు. ఆయన హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ పేపరు తల్లకిందులుగా ఉంది.

అత్తగారు చెప్పడం మొదలుపెట్టారు. పాత హోటలు. ఇనపజల్లెడ తలుపున్న పాతకాలపు లిఫ్టు. తలుపు ఏ అంతస్తులో కాస్త తెరిచినా లిఫ్టు ఉన్నచోట ఆగిపోతుంది. ఒక వానపొద్దున అది రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగింది. లోపల హోటలు యజమాని, తల మీద దెబ్బతో, ప్రాణం లేకుండా. తలుపు లోపలినుంచే వేసి ఉంది. ఆ హోటల్లో ఉండేవాళ్ళు మేనేజరు, యజమాని తమ్ముడు, పాటగత్తె, వంటవాడు, డాక్టరు.

"నాలుగో గదిలో కొత్తగా పెళ్ళయిన జంట కూడా ఉన్నారు," అన్నారు, గింజ ఒకటి కింద పడితే ఏరుకుంటూ.

"కొత్త జంటా!" నేను కాయలు వదిలేశాను. "ఎన్నాళ్ళయింది పెళ్ళయి? ప్రేమ వివాహమేనా? గదికి కిటికీ ఉందా?"

"ఉంది. సముద్రం కనబడుతుంది."

"కర్టెన్లు ఏ రంగు?"

"గోధుమరంగు."

"ఆ అమ్మాయి ఏం వేసుకుంది?"

"నీలం రంగు శాలువా కప్పుకుంది," అని ఆవిడ కాస్త ఆగారు. "అంచు దగ్గర నల్లగా ఉంటుంది."

"నీలానికి నల్లంచా! ఎంత బావుంటుందో! నాకూ అలాంటిదొకటి కావాలత్తయ్యా."

"ఆ అమ్మాయి లిఫ్టెక్కదు. భయమట. మూడంతస్తులూ మెట్లే. అతనికేమో లిఫ్టంటే సరదా. ఈమె కోసం అతనూ మెట్లెక్కుతాడు."

నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చినంత పనైంది. అంతకుముందు ఆదివారం కూడా మా ఆయన నాకు కుక్కలంటే భయమని వీధి దాటి, చుట్టు తిరిగి, ఆ చివరనుంచి నన్ను ఇంటికి తీసుకొచ్చాడు.

రోజూ సాయంత్రం ఇదే పని. మొదటిరోజు వంటవాడి మీద గ్లాసు బోర్లించాను. కాఫీ తాగడం పూర్తవలేదన్న సంగతి మరిచిపోయి. "కాదు," అన్నారు అత్తగారు, గుడ్డ అందిస్తూ. మర్నాటికి వంటవాడు కడిగిన ముత్యమైపోయాడు. తర్వాత పాటగత్తెని పట్టుకున్నాను, ఆవిడకి సాక్షులు పుట్టుకొచ్చారు. తమ్ముణ్ణి పట్టుకున్నాను, అతను ఆ సమయంలో జైల్లో ఉన్నాడని తేలింది. మేనేజరు, డాక్టరు, ఆఖరికి హోటలు పిల్లిని కూడా అనుమానించాను.

"పిల్లా?" హాల్లోంచి మామగారి గొంతు.

"మీరు మాట్లాడకండి!" అన్నారు అత్తగారు.

ఒకటి మాత్రం గమనించాను. కథ చెబుతున్నంతసేపూ ఆవిడ చూపు బఠాణీల మీద ఉండదు, నా ముఖం మీదే ఉంటుంది. చేతులు వాటి పాటికవి ఒలుచుకుపోతుంటాయి. ముఖానికేమైనా అంటుకుందేమోనని రెండుసార్లు లేచి అద్దంలో చూసుకున్నాను కూడా. ఏమీ లేదు.

వారమంతా ఇంట్లో బఠాణీలే. ఏ పూట చూసినా కంచంలో ఆకుపచ్చ గోళీలు. మా ఆయన, "అమ్మా, ఆ హంతకుణ్ణి త్వరగా పట్టించు తల్లీ. లేకపోతే నాకు మొలకలొచ్చేస్తాయి," అని దణ్ణం పెట్టాడు.

గురువారం సాయంత్రం అత్తగారు బల్ల మీద నాలుగు గ్లాసులు పెట్టి, మామగారిని పిలిచారు.

ఆయన పేపరు మడిచి, కళ్ళజోడు తుడుచుకుని, పరీక్షకొచ్చిన పిల్లాడిలా వచ్చి కూర్చున్నారు. "నన్నెందుకోయ్. పదేళ్ళుగా నేను కనిపెట్టనిదేమైనా ఉందా? ఇదీ చంపేస్తానేమో."

"చంపండి. మీరు చంపకపోతేనే అది రేపు సినిమావాళ్ళ దగ్గర బతుకుతుంది."

"మరి నాది?" అన్నాడు మా ఆయన తన గ్లాసు చూపించి.

"పుస్తకం కొనగానే ఆఖరి పేజీ చదివేవాడివి. నీది లెక్కలోకి రాదురా, కాఫీ తాగు."

అత్తగారు మొదటినుంచి చెప్పారు. నాకు తెలిసిన కథే, కానీ ఈసారి వింటుంటే వంట గది గోడలు వెనక్కి జరిగి హోటలు వసారా అయిపోయింది. లిఫ్టు తీగలు కిర్రుమనడం ఆవిడ గొంతుతో చెయ్యలేదు, ఊరికే ఒక క్షణం ఆగారు, అంతే. నాకు వినబడింది. మామగారు హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరి గురించీ ఒకే గొంతుతో అడుగుతున్నారు.

"వంటవాడు అప్పుడెక్కడున్నాడు?"

"పాల బండి దగ్గర."

"మేనేజరు?"

"ఫోన్లో."

"తమ్ముడు? పాటగత్తె? డాక్టరు?"

అందరికీ జవాబు వచ్చింది. ఆయన చూపుడువేలు గ్లాసు అంచు చుట్టూ తిరుగుతోంది. అత్తగారి కాలివేళ్ళు బల్ల కింద ఏం చేస్తున్నాయో నాకు తెలుసు. ఇంకెవరు మిగిలారా అని ఆయన నోరు తెరిచేలోపు నేనే ఉండబట్టలేక అందుకున్నాను.

"మామయ్యా, ఆ కొత్త జంట గురించి వినాలి మీరు! ఆ అమ్మాయికి లిఫ్టంటే భయమని అతను కూడా మెట్లెక్కుతాడు, మూడంతస్తులూ! నీలం శాలువా, నల్లంచు. గదిలోంచి సముద్రం! మేం కూడా ఎప్పుడైనా అలాంటి హోటల్లో..."

అని అక్కడ ఆగి, మా ఆయనకేసి చూసి, సిగ్గుపడి తల దించుకున్నాను. మామగారు నాకేసీ కొడుకుకేసీ చూశారు. ఆయన ముఖమంతా మెత్తబడిపోయింది.

"శాలువా నేను కొనిపెడతాలే తల్లీ," అన్నారు నవ్వుతూ. "ముందు కథ విననీ. ఆఁ, తర్వాత?"

తర్వాత అత్తగారు చెప్పేశారు.

చాలా ఏళ్ళ కిందట ఆ లిఫ్టు బాగుచెయ్యడానికి ఒక మెకానిక్ వచ్చాడు. అతను లిఫ్టు పైకప్పు మీద కూర్చుని పని చేస్తుండగా, అతిథులు విసుక్కుంటున్నారని యజమాని కరెంటు వేయించాడు. మెకానిక్ పోయాడు. తప్పు అతనిదేనని రాసేశారు. అతనికొక కూతురుంది. పైకప్పులో చిన్న మూత ఉంటుందనీ, మూడో అంతస్తు తలుపు జానెడు తెరిస్తే లిఫ్టు కింద ఎక్కడ ఆగుతుందో కూడా ఆ పిల్లకు తండ్రి చెప్పిన కబుర్లలోనే తెలుసు. పెద్దదై, పెళ్ళి చేసుకుని, భర్తతో ఆ హోటల్లోనే దిగింది. భర్త నిద్రలేవకముందు వెళ్ళి, మూడో అంతస్తు తలుపు జానెడు తెరిచి, లిఫ్టు పైకప్పు మీదికి దిగింది. తండ్రి వాడిన స్పానరే ఆమె చేతిలో ఉంది.

"శాలువా అంచు..." అన్నాను.

"అంచు కాదమ్మాయ్, గ్రీజు."

"కానీ ఆ పిల్లకి లిఫ్టంటే భయమన్నారుగా! అబద్ధమా?"

"నిజంగానే భయం. అందులోనే కదా తండ్రి పోయింది. ఎందుకు భయమని మనమే అడగలేదు."

ఒక బఠాణీ గింజ బల్ల మీంచి దొర్లి, కిందపడి, స్టౌ దాకా వెళ్ళి ఆగిన చప్పుడు నలుగురం విన్నాం. వారం రోజులుగా నేను ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నాను, ఆమె శాలువా కావాలన్నాను. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆమెను పట్టుకోకుండా వదిలేస్తే బావుండుననిపించింది. ఇవన్నీ ఒకేసారి ఒక మనిషిలో పుట్టించవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఎదురుగా ఆ పని చేసిన మనిషి తొక్కలు చేటలోకి ఎత్తుకుంటోంది.

మామగారి గ్లాసు నిలబడే ఉంది.

ఆయన దాన్ని చాలాసేపు చూశారు. "ఆ జంట పాత పుస్తకంలోనూ ఉన్నారోయ్. ఒక్క వాక్యంలో కాఫీ తాగి వెళ్ళిపోయారు. నేనే దిద్దాను ఆ వాక్యం." తర్వాత లేచి కిటికీ దగ్గరికెళ్ళి, అప్పుడే తుడిచిన కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు. "దొరికిపోయాను. పదేళ్ళకి దొరికిపోయానమ్మా!"

"మీరు దొరికిపోవడమేంటి మామయ్యా?"

"చెప్పొచ్చా?" అని ఆవిడని అడిగారు. ఆవిడ తలూపారు.

"మీ అత్తయ్యకు కథ మొదలుపెట్టేటప్పుడు హంతకుడెవరో తెలీదమ్మా. పాత కథైనా అంతే, కొత్తదైనా అంతే. వినేవాళ్ళ ముఖంలో వెతుక్కుంటుంది. మనం అందరి గురించీ 'అప్పుడెక్కడున్నాడు' అని అడుగుతాం. ఎవరో ఒకరి గురించి మాత్రం ఆ ప్రశ్న అడగబుద్ధి కాదు. వాళ్ళ గురించి ఇంకేదో అడుగుతాం. నువ్వు కర్టెన్ల రంగు అడిగావు. అంతే, ఆ మనిషే. చేతులకి పని ఉంటే ముఖం అబద్ధమాడదని బఠాణీలు పెడుతుంది. ముప్ఫై నవలలు నా ముఖంలోంచి తీసింది. ఒకరోజు నాకా కిటుకు తెలిసిపోయింది. నేను పట్టేశానని ఊరంతా చాటాలన్నంత గర్వపడ్డాను. మర్నాటినుంచి ఏ కథ విన్నా, అయ్యో ఫలానావాడి గురించి అడగలేదేమోనని వరసబెట్టి అందరి గురించీ అడగడం మొదలెట్టాను. ఎంత మానుకుందామన్నా నావల్ల కాలేదు. నా ముఖం గోడైపోయింది. నేను గోడనయ్యాక ఆవిడ నవల ఆగిపోయింది."

డాబా మీద ఆరని బట్టలు తేవడానికి ఆయన ఎందుకు వెళ్ళారో నాకు అప్పుడు తెలిసింది.

"ఇవాళ మాత్రం ఆ జంట గురించి అడగలేదు మీరు," అన్నారు అత్తగారు.

"ఎలా అడుగుతానోయ్? ఎదురుగా వీళ్ళిద్దర్నీ కూర్చోబెడితివి!"

నేను అత్తగారికేసి తిరిగాను. "అయితే మొదటిరోజు శాలువా అంచు నల్లగా అన్నప్పుడే మీకు తెలుసా?"

"లేదు. ఏం వేసుకుందని నువ్వు అడిగావు కదాని చెప్పాను. అంచెందుకు నల్లగా ఉందబ్బా అని ఆ తర్వాత నేనూ ఆలోచించుకున్నాను."

ఆ మాట విన్నాక లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. బఠాణీ తొక్కల వాసనొస్తున్న మామూలు చెయ్యి. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ.

శుక్రవారం ఆవిడతో సినిమా ఆఫీసుకి నేనూ వెళ్ళాను, ఫ్లాస్కు పట్టుకుని. నన్ను గాజు తలుపు ఇవతల సోఫాలో కూర్చోబెట్టారు. లోపల పొడుగాటి బల్ల, చుట్టూ నిర్మాత, డైరెక్టరు కుర్రాడు, ఆ ఐదుగురూ. ఆవిడ మాట నాకు వినబడదు, పెదాలు కదలడం కనబడుతుంది. మొదట్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఒకడు కింద చూసుకుని నవ్వుకుంటున్నాడు కూడా, వాడికి నేను మనసులో శాపనార్థాలు పెట్టాను. కాసేపటికి నిర్మాత ఫోను బల్ల మీద పెట్టాడు. తర్వాత అతని పక్కనున్నవాడు. అలా ఒకటొకటిగా, నవ్వుకుంటున్న వాడిది కూడా. టీ తెచ్చిన మనిషి ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఇవ్వడమూ లేదు, వెళ్ళడమూ లేదు. చివర్లో డైరెక్టరు కుర్రాడు కుర్చీలోంచి సగం లేచి, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. నాకా క్షణం ఏదో తెలుసు. ఆ క్షణం అంచు దగ్గర నల్లగా ఉంటుంది.

బయటికొచ్చేటప్పుడు అతను తలుపు తెరిచి పట్టుకుని, "అమ్మా, పేరు మొదట్లో కాదు, సినిమా అయ్యాక వేస్తాం. అందరూ కూర్చునే ఉంటారు, ఎవరూ లేవలేరు," అన్నాడు.

అత్తగారు, "అడ్డంగా ఎవరూ నిలబడకుండా ఉంటే చాలు నాయనా," అన్నారు.

బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, ఆవిడ చెప్పులు విడిచి కాళ్ళు ముందు సీటు కింద చాపుకున్నారు. ఎడమ కాలి వేళ్ళు తమ ఆట తాము ఆడుకుంటున్నాయి. ఇంటికి రాగానే మామగారు గుమ్మంలోనే, "ఏమైంది?" అన్నారు. ఆవిడ జవాబు చెప్పకుండా పొద్దుటి కాఫీ గ్లాసు తీసుకుని బల్ల మీద నిలబెట్టారు. ఆయన దాని పక్కన తనది కూడా నిలబెట్టి, మా ఆయన్ని గట్టిగా వాటేసుకున్నారు. మా ఆయన ఊపిరాడక, "నాన్నా, మూడో అధ్యాయం, మూడో అధ్యాయం!" అని అరిచాడు.

గొడవ సద్దుమణిగాక నాకు ఒక్క దిగులు మిగిలింది.

"అత్తయ్యా, మరి నాకూ కిటుకు తెలిసిపోయిందిగా. నేనూ గోడనైపోయినట్టేగా?"

"అవును," అన్నారు ఆవిడ ఏమాత్రం విచారం లేకుండా. "ఇక నువ్వు పనికిరావు. మీ మామయ్య పక్కన కూర్చుని పేపరు తిరగేసి చదువుకో."

"మరి తర్వాతి కథ?"

"అదే ఆలోచిస్తున్నాను బస్సులో. ఇన్నేళ్ళలో దయ్యాల కథ ఒక్కటీ రాయలేదు నేను. దానికి నన్ను చూస్తేనే హడలిపోయే ముఖం కావాలి." ఆవిడ గోడకున్న సంచీ తీసి మామగారి చేతిలో పెట్టి, నాకేసి తిరిగారు. "రేపు మధ్యాహ్నం మీ అమ్మని భోజనానికి పిలువు. కాఫీ ముందు నేనే తాగి చూపిస్తానని చెప్పు."